చీనీ మంచు

మే నెలలో వరసగా పదోరాత్రి డ్యూటీ దిగి
ఇద్దరమూ ఇల్లు చేరేసరికి
అనంతపురంలో ఇంకా ఏడు గంటలే,
అప్పుడే గోడలు కాలతాండాయి.
కొళాయి తిప్పితే టీకి సరిపోయే నీళ్ళు.

"ఈ పొద్దు నిద్ర వద్దు మే" అన్నది సువార్తమ్మ.
ఫ్రిజ్జులో ఆర్నెల్లుగా పండుకోనుండే సీసాను చూసింది.
వాళ్ళ తమ్ముడు దొడ్డబళ్ళాపురం ద్రాక్షతోటలో మేస్త్రీ,
క్రిస్మసుకు తెచ్చిచ్చినాడు.
మెడకు బంగారు కాగితం, తలకు తీగచిక్కం,
లోపల మూతి బిగించుకోని బుడగలు.

మూలన గోనెసంచిలో చీనీకాయలు,
పెన్నోబిలేసు దించిపోయినవి.
వాళ్ళ నాయన్ను ఎండదెబ్బతో తెచ్చినారు మొన్న,
నూటయారు జరం, ఒళ్ళు పెనం.
చంకల్లో, గజ్జల్లో, మెడకింద
మంచు పెట్టి పెట్టి నా వేళ్ళు తిమ్మిరెక్కినాయి.
మూడోనాడు ముసలాయన కళ్ళు తెరిచి
"బీడీ ఉందా మే" అన్నాడు.
సంచి దించుతా కొడుకు అన్నాడు గదా:
"యార్డులో చెప్పిన రేటు వింటే
మళ్ళా ఆయనకు జరమొస్తాది సిస్టరమ్మా,
మీరే తినండి."

కాయలు సగానికి కోసినాము.
పిండేటప్పుడు గింజ నలగకూడదు,
నలిగిందా, రసమంతా నాదేనంటాది చేదు.
సువార్తమ్మవి తెలిసిన చేతులు,
దొరకని నరాన్ని చీకట్లో తడిమి పట్టుకునే చేతులు;
ఒక్క గింజను గూడా నొప్పించలేదు.
చల్లారిన చక్కెర పాకం. చిటికెడు ఉప్పు.
తీపి రవంత ఎక్కువే పడాల,
చలికి నాలుక మొద్దుబారతాది.
వెడల్పాటి స్టీలు డబ్బాలో పోసి
పైన మంచు అరలో, చేపముక్కల పక్కన పెట్టినాము.

అరగంటకొకసారి లేచి ఫోర్కుతో గీకాల.
గీకకపోతే గడ్డ,
గీకితే ఏటి ఇసక.

మూడోసారికి కరెంటు పోయింది.
పోతాదని తెలుసు. అయినా ఇద్దరమూ
తలుపు తియ్యకుండా ఫ్రిజ్జు ముందర నిలబడి
పేషెంటును చూసినట్టు చూస్తా ఉన్నాము.
"పల్సు ఉందా?" అన్నది.
చెవి ఆనించి, "లేదు" అన్నాను.
పగలబడి నవ్వినాము.
నవ్వు నడిమధ్యలో ఆగింది.
ఈ నెలలో నేనట్ల 'లేదు' అన్నది
పదకొండు సార్లు.

పన్నెండున్నరకు గర్రుమని ఊపిరి తీసింది ఫ్రిజ్జు.
మూడింటికి డబ్బా తీస్తే
లేతపసుపు మంచు,
తెల్లారి చేలమీద పడేది గాదు, మా చేతులతో పండించింది.

సీసా తలకు తడిగుడ్డ కప్పి
తీగను ఆరు తిప్పులు తిప్పి
మూతను పట్టుకోని, సీసాను తిప్పింది సువార్తమ్మ.
పేలతాదని నేను చెవులు మూసుకుంటే
తుస్సుమన్నది, అంతే,
పాలు తాగి బిడ్డ తేన్చినట్టు.

స్టీలు గ్లాసుల్లో రెండేసి గరిటెల మంచు.
గోడ వెంబడి సన్నంగా వైను.
నురగ లేచి అంచు దాటబోతే
అలవాటుగా ఊదినాను.
పాలా ఏమన్నా, ఊదితే దిగడానికి?
మూతి పెట్టి అందుకున్నాను.

మొదటి గుటకకు నొసలు జివ్వుమన్నది.
రెండోదానికి ముక్కులోకి బుడగలు.
మూడోది ఏమో చీనీపూల వాసన లాంటిది,
గార్లదిన్నె పక్క బస్సులో పోతాంటే
కిటికీలోంచి వచ్చి, ఎవురికీ చెప్పకుండా పోతాదే, అది.

సువార్తమ్మ ఖాళీ గ్లాసును నా మెడకు ఆనించింది.
"ఇక్కడే గదా మనం పెట్టేది" అన్నది.
పెట్టించుకున్నోళ్ళకు ఎట్లుంటాదో
పన్నెండేళ్ళ సర్వీసులో ఇదే మొదలు తెలిసింది.
చల్లగా ఉంది. మొదట నొప్పిగా, ఆనక చల్లగా.

ఈ రాత్రి మాకు సెలవు.
సీసాలో సగముంది, రేపటికి బుడగలుండవు.
డబ్బా అడుగున నాలుగు గరిటెల మంచు.
"ముసలాయనకు పంపుదామా?" అన్నాను.
"వైను కలపకుండా" అన్నది.
"బీడీ అడిగినాడు పాపం."
కాసేపు ఆలోచన చేసి
చిన్న టిఫినుగిన్నె వెతకబోయింది,
మూత గట్టిగా పడేది.