మరకతో సహా

మామ్మ పోయిన పదకొండో రోజు
చావు నమోదు చేయించడానికెళ్తే
గుమాస్తా పుట్టుక అడిగాడు.
"ఎనభయ్యో, తొంభయ్యో" అంటే
గడిలో పట్టదట.

బతికుండగా అడిగితే ఒకటే చెప్పేది:
"నాను పుట్టినేడు వంశధార మా గడపలోకొచ్చీసినాది గుంటా,
మాయమ్మ నన్ను అటక మీద కన్నాది."
ఏ వరదో ఎవరికి తెలుసు?
ఏటికి తేదీ వేసే అలవాటు లేదు.

జనాభా లెక్కల కాయితాలకి
శ్రీకాకుళంలో ఒకాయన విశాఖపట్నం దారి చూపించాడు,
విశాఖపట్నంలో ఒకావిడ బరంపురం వైపు చెయ్యి ఊపింది.
"పేర్లున్నవన్నీ ఎప్పుడో తగలెట్టేసుంటారమ్మా,
మొత్తాలే మిగుల్తాయి" అన్నాడు
బస్సులో పక్క సీటు రిటైర్డు రెవెన్యూ ఆయన
వేరుశనక్కాయలు ఒలుస్తూ.
ఏదో ఒక మొత్తంలో
మావాళ్ళూ ఉండే ఉంటారు.

చివరికి నరసన్నపేటలోనే
తాసిల్దారు ఆఫీసు వెనక గదిలో
ఎన్నికల పెట్టెల కింద దొరికింది
మా ఊరి మునసబు రాసిన జనన మరణాల పుస్తకం.
అట్ట లేదు.
పురుగు తొలిచిన కన్నాల్లోంచి
ఈ పేజీలో పుట్టినవాళ్ళు
ఆ పేజీలో పోయినవాళ్ళకి కనిపిస్తున్నారు.

వేలు పెట్టి కిందకి దిగాను.
మగ. మగ. ఆడ.
మగ, మూడో రోజు కొట్టివేత.
ఆడ.
తండ్రి: పొట్నూరు అప్పలసూరి. కూలి, రంగంలో.
తెలిపినవారు: మంత్రసాని అసిరమ్మ, వేలిముద్ర.
పందొమ్మిది వందల నలభై ఒకటి, ఆగస్టు.

రంగం నుంచి ముత్తాత పంపిన మనియార్డరు ముక్కలు
మా ఇంట్లో మందుల డబ్బాలో ఇప్పటికీ ఉన్నాయి.
ముప్పైతొమ్మిది నుంచి, నెల తప్పకుండా,
ప్రతి ముక్క మీదా "క్షేమం" అని ఒకే మాట.
బాంబులు పడ్డాకే తిరిగొచ్చాడు,
నలభై రెండు ఎండల్లో
కాళ్ళకి గోనె పీలికలు చుట్టుకుని, నడిచి.

వేళ్ళు ముడిచి లెక్కపెట్టాను.
మళ్ళీ పెట్టాను.
కుదర్లేదు.

అప్పుడు చూశాను,
తండ్రి పేరుకి ముందు సిరా మరక, కందిగింజంత.
మునసబు కలం అక్కడ ఆగింది.
ఏ గుమ్మంలో దీపం ఎప్పుడు ఆరేదో
తెలిసిన మనిషే అయ్యుంటాడు.
ఎంతసేపు ఆగాడో మరి,
రాశాడు
అప్పలసూరి అని, ఒక్క దీర్ఘమూ తప్పకుండా.

పిల్ల పేరు గడి ఖాళీగా వదిలేశాడు.

ఆ ఖాళీలో తర్వాతెప్పుడో
వేరే సిరాతో, గీత దాటిపోయిన పెద్ద వంకర అక్షరాలు:
రంగమ్మ.
ఇన్నాళ్ళూ ఏ దేవుడి పేరో అనుకున్నాం.
ఆ అక్షరాలు నాకు తెలుసు.
మందుల డబ్బాలో
"క్షేమం" రాసినవి అవే.

"దొరికిందా?" అన్నాడు గుమాస్తా.
"దొరికింది. ఆగస్టు, నలభై ఒకటి."

రోడ్డవతల జిరాక్సు కుర్రాడు
"మరకలు పోయేలా పలచగా తియ్యమంటారా మేడమ్?" అన్నాడు.
ముదురుగానే తియ్యమన్నాను.
ఆ కందిగింజ
స్పష్టంగా పడాలన్నాను.