ప్రీస్ గారు ఆగే చోట్లు

కంచె దాటే చెక్కమెట్లని
నేను రెండంగల్లో దాటేశాను.
టాన్సీ కింది సందులోంచి దూరి వచ్చి
వెనక్కి తిరిగి కూర్చుంది,
ఖాళీ మెట్లకేసి చూస్తూ.
పిలిచాను. ఈల వేశాను.
జేబులో బిస్కెట్ల సంచి గలగలలాడించాను.
ఉహూఁ.
ఒక ముసలాయన గుంజ పట్టుకుని ఒక కాలెత్తి,
ఎవర్నో తిట్టుకుని, రెండో కాలెత్తి, దిగి,
ప్యాంటు దులుపుకునేంత సేపు
అలాగే కూర్చుని
అప్పుడు లేచింది.

పక్కింటి ప్రీస్ గారికి తుంటి మార్చారు.
వంగకూడదట, మెలి తిరగకూడదట,
కుక్క లాగితే పడిపోతారట.
మందుల చీటీ నా కౌంటర్ మీద పెట్టి
వాళ్ళమ్మాయి రోవీనా అడిగింది:
మీకు కుక్కలంటే భయమా?

భయమే.
నరసరావుపేటలో ట్యూషన్ నుంచి వస్తుంటే
పిక్క మీద నాలుగు గాట్లు,
బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు.
"లేదండీ" అన్నాను.
ఎందుకన్నానో ఇప్పటికీ తెలీదు.

ఆదివారం పొద్దున, లడ్లో ఊరి మీద
మంచు ఇంకా దుప్పటి మడత పెట్టలేదు.
డినమ్ వంతెన దాటి గుట్ట ఎక్కితే
అడవి వెల్లుల్లి వాసన,
ఎవరో పోపు వేయబోయి
నూనె మర్చిపోయినట్టు.
ఇక బురద. ఇక్కడి బురదలో రకాలున్నాయి:
బూటు ఊడబెరికేది, నడ్డి మీద కూలేసేది,
గొర్రెలు నడిచిన చోట
బురదో కాదో చెప్పలేనిది.
టాన్సీకి అన్నీ రుచి చూడదగ్గవే.

ఇంగ్లీషు మాటలు ఐదో ఆరో వచ్చు దానికి.
నా యాసలో అవి దాని చెవికి చేరేలోగా
దారి తప్పుతాయి.
గొర్రెపిల్లలు తోకలాడిస్తూ పాలు తాగే పొలంలో
తాడు ఒక్కసారి బిగిసింది.
"ఒసేయ్, వద్దు, చెప్తున్నా!"
ఆగింది. ఒక చెవి నిలబెట్టి నన్ను చూసింది.
భాష కాదు,
గొంతులో ఉన్న చీపురుకట్ట అర్థమైనట్టుంది.

మూడు ఆదివారాలకి నాకు తెలిసిపోయింది.
ఎత్తు మొదలయ్యే చోట ఆగుతుంది, ఊపిరి కోసం.
విరిగిన గేటు దగ్గర, గొళ్ళెం కోసం.
నది కనిపించే బెంచీ దగ్గర, ఫ్లాస్కు కోసం.
ఆయన మాత్రల పేర్లన్నీ నాకు కంఠోపాఠం,
పొద్దున ఏది, రాత్రి ఏది, పరగడుపున ఏది.
ఇవేవీ చీటీలో లేవు.

ఒక్క చోటు మాత్రం అంతు చిక్కలేదు.
లార్చి చెట్ల మధ్య చిన్న పల్లం.
ఎత్తు లేదు, బెంచీ లేదు, చూడ్డానికేమీ లేదు.
అక్కడ టాన్సీ పడుకుంటుంది,
ముందుకాళ్ళ మీద గడ్డం ఆనించి,
చాలాసేపు.

సోమవారం తాడు తిరిగిచ్చేటప్పుడు అడిగాను.
ప్రీస్ గారు చేతికర్ర వైపు చూశారు, కెటిల్ వైపు చూశారు.
చెవులు ఎర్రబడ్డాయి.
"అక్కడ నేను పాడతాను" అన్నారు.
"ఇంట్లో పాడలేను కదా.
గోడకవతల మీరున్నారాయె."

నాలుగో ఆదివారం. పల్లం.
టాన్సీ పడుకుని కళ్ళు పైకెత్తింది.
చుట్టూ చూశాను. ఒక వడ్రంగిపిట్ట, అంతే.
పాటలు రావు నాకు.
ఆ క్షణాన నోటికొచ్చింది ఎక్కాలే.
పదమూడొకట్ల పదమూడు,
పదమూడు రెళ్ళు ఇరవయ్యారు,
గొంతు సవరించుకుని, కొంచెం లాగి,
పదమూడు మూళ్ళు ముప్పైతొమ్మిది.
తోక ఎండుటాకుల మీద ఒకసారి కొట్టుకుంది.
పదమూడు ఎనిమిదులు నూటనాలుగు దాకా బాగానే వెళ్ళింది.

తొమ్మిదుల దగ్గర ఆగిపోయాను.
అప్పుడూ అక్కడే ఆగేదాన్ని, బెత్తం ఎదురుగా.
ఇక్కడ బెత్తం లేదు.
తొందర లేకుండా
చెక్కమెట్లకేసి చూసినట్టే
నా నోటికేసి చూస్తూ ఒక కుక్క.