హాజరైనవారు

ఒంగోలు ఆఫీసు, పదకొండున్నర, బోర్డు మీటింగు.
హాజరైనవారు ఏడుగురు అని రాశాను.
రాయనిది ఒక్కరినే:
పమిడి ఆదిశేషయ్య గారు,
పదవి దిగి పద్నాలుగు నెలలు.

ఆయన కుర్చీ మార్చేశారు లెండి.
కొత్తది చక్రాలున్నది, నల్ల తోలుది,
కొత్త ఎండీ శశికిరణ్ గారి నడుముకి కొలిచి తెప్పించింది.
అయినా పెద్ద అంకె ఏదైనా వినపడితే
ఏడు తలకాయలూ కిటికీ వైపే తిరుగుతాయి,
పాత కుర్చీ ఉండే చోటికి.
అక్కడిప్పుడు మంచినీళ్ళ మిషను ఉంది.
ఉండుండి గుడగుడమంటుంది.
అందరం సర్దుకుని కూర్చుంటాం.

కొనబోయేది మార్టూరు అవతలి గుట్ట.
గుట్టతో పాటు రెండు కోత మిల్లులు, మూడు క్రేన్లు,
అరవై కోట్ల అప్పు,
గేటు మీద మద్దులపల్లి వారి పేరు.
ముప్పై ఏళ్ళ కిందట ఆ లీజు పాటలో
ఆదిశేషయ్య గారి మీద ఒక్క లక్ష ఎక్కువ పాడి
అందరి ముందూ మీసం దువ్వాడు ఆ ఇంటి పెద్ద.
ఈ సంగతి ఫైల్లో లేదు.
ఫైలు మూడొందల పేజీలు,
హైదరాబాదులో కుట్టించి తెచ్చింది.

అంతకు ముందు ఆదివారం
ఎండీ గారిని నేనే తీసుకెళ్ళాను
చీమకుర్తి రోడ్డులో పెద్దాయన ఇంటికి.
"సలహా కోసం కాదు, ఊరికే పలకరింపు" అన్నారు కారులో.
పేర్నమిట్ట దాటాక మళ్ళీ అన్నారు.

పెద్దాయన మజ్జిగ ఇప్పించారు.
నమూనా పలక మోకాళ్ళ మీద పెట్టుకుని
వేలి కణుపుతో తట్టారు.
"రాయి మంచిదేనయ్యా" అన్నారు.
అంతే.
కొనమనలేదు. వద్దనీ అనలేదు.
రేపు ఎవరడిగినా నేను చెప్పేది అదే.

కానీ ఒకటుంది.
నేను చేరిన మొదటిరోజు, క్వారీలో,
బ్లాకు మీద బిందెడు నీళ్ళు గుమ్మరించి
మిట్టమధ్యాన్నం నన్ను పక్కన నిలబెట్టారాయన.
"చూడబ్బాయ్, రాయంతా ఆరిపోద్ది.
పగులున్న కాడ మాత్రం తడి ఆరదు,
వెంట్రుకంత గీత, అట్టాగే నిలబడిపోద్ది.
ఆరేదాకా ఆగలేనోడు ఈ యాపారానికి పనికిరాడు."
ఇరవై రెండేళ్ళు చూశాను.
తడపకుండా ఆయన కొన్న రాయి లేదు.
కూతురింటి గడపరాయిక్కూడా నీళ్ళు పోసి
ముహూర్తం దాటిపోతుందని పంతులు గోల పెడుతుంటే
గొడుగేసుకుని కూర్చున్నారు.

ఆ ఆదివారం చెంబు పక్కనే ఉంది,
స్టూలు మీద, నిండుగా.
ఆయన ముట్టుకోలేదు.
నేను చెంబునే చూస్తున్నాను.
ఎండీ గారు ఆయన ముఖాన్ని చూస్తున్నారు.
నా చేతికి జానెడు దూరం.
ఎత్తి ఒంపితే అయిపోను.

తిరుగు దారిలో ఏసీ పెంచి
"నిర్ణయం పూర్తిగా నాదే, తెలుసుగా" అన్నారు శశికిరణ్ గారు.
తెలుసండి అన్నాను.

తీర్మానం ఏకగ్రీవం.
చప్పట్ల మధ్య మిషను గుడగుడమంది.
"అదిగో, పెద్దాయన దీవించారు" అన్నారెవరో.
నవ్వులు.
అవి రాయలేదు. రాసే పద్ధతి లేదు.

సాయంత్రం ఫోను.
"అయిందా?"
"అయిందండి."
"వాళ్ళ బోర్డు ఎప్పుడు దించుతారు?"
ధర అడగలేదు.

నిన్న దించారు.
నాలుగు బోల్టులు తుప్పు పట్టి కదలక
గ్యాసు కట్టరు తెప్పించారు.
ఫోటో తీసి పంపమన్నారు పెద్దాయన, పంపాను.
ఇంతలో మబ్బు పట్టి
గుట్ట మీద ఒక జల్లు పడి వెళ్ళిపోయింది.
అందరూ బిర్యానీ పొట్లాల కోసం షెడ్డులోకి పోయారు.

నేను పోలేదు.
కొత్తగా మనదైన రాయి ఎదురుగా
చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డాను.
ఎండ వచ్చింది.
అంచులు ఆరాయి.
నడుమ ఇంకా ఆరుతోంది.