పరీక్ష రొట్టె

తేదీ వచ్చేదాకా పెడుతూనే ఉండాలి అంది డాక్టర్ ఖాతుయా,
కళ్లజోడు నుదుటి మీదికి నెట్టుకుని.
రోజుకు రెండు ముక్కలు. ఆరు వారాలు.
రొట్టె మానేస్తే పేగు మానిపోతుందట,
మానిన పేగు కెమెరాకి ఏమీ చెప్పదట.

మానేస్తే మానుతుంది.
అందుకే మానకూడదు.
తిబిలిసి నుంచి కుతాయిసి దాకా బస్సులో
ఈ ముక్కనే పంటి కింద రాయిలా తిప్పుకుంటూ వచ్చాను.
దాచి నా ఒళ్లో నిద్రపోయాడు,
వయసు ఐదేళ్లు, బరువు మూడేళ్లు,
డప్పులాంటి పొట్ట, పుల్లల్లాంటి కాళ్లు.

ఇంతకు ముందు చాలా అయ్యాయి.
నులిపురుగుల మందు.
పక్కింటామె కన్ను మంచిది కాదని అత్తగారు
చర్చి నుంచి తెచ్చిన నీళ్లు.
తర్వాత రక్తం. మూడుసార్లు పొడిచినా నరం చిక్కలేదు,
నాలుగోసారి వాడు ఏడవడం ఆపి
సూదికేసి చూస్తూ కూచున్నాడు.
ఏడిస్తేనే నయమనిపించింది.
తర్వాత సీసాలు. మూత మీద పేరు, తేదీ, వేళ.
ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె వెనక పాత పేపరు చుట్టి దాచి
ల్యాబ్ తెరిచేదాకా కాపలా కాశాను.

నా దగ్గరొక నోటుబుక్కుంది. అందులో రంగులు రాస్తాను.
బంకమట్టి. నాచు. పాత గంజి.
పెళ్లికి ముందు బళ్లో బొమ్మలు గీయడం నేర్పేదాన్ని,
రంగులకు ఇన్ని పేర్లు
దీనికి పనికొస్తాయనుకోలేదు.

నుగ్జార్ రొట్టెలు కాలుస్తాడు.
తెల్లారుజామున నాలుగింటికి
నడుము దాకా మట్టి పొయ్యిలోకి వంగి
దాని గోడలకు పిండి చరుస్తాడు,
పడవల్లా కోసుగా, పొడుగ్గా.
మా వీధికి గడియారం ఆ వాసనే.
ఆస్పత్రి కాగితంలో తండ్రి వృత్తి దగ్గర
నర్సు కలం ఒక్క క్షణం ఆగింది.
తలెత్తకుండానే మళ్లీ రాసుకుపోయింది.

పొద్దుటి ముక్క నేను, సాయంత్రం ముక్క ఆయన.
ఒప్పందం.
మొదటివారం పెట్టాడు.
రెండోవారం నుంచి ఆ వేళకే ఎక్కడలేని పనీ గుర్తొస్తోంది,
కట్టెలు, పిండి బస్తాలు, ఊడిన తలుపు గొళ్లెం.
ఒప్పందం, అన్నాను.
నా చేత్తో చేసింది నేనే వాడి నోట్లో... అని
మిగతాది మింగేశాడు.
ఆ రాత్రి పోట్లాడుకున్నాం,
గోడ అవతల పిల్లాడుంటే పోట్లాడుకునే పద్ధతిలో,
గొంతు లేకుండా, చేతులతో, కళ్లతో.
మీ వైపు ఎవరికైనా ఉందా అన్నాడు.
లేదన్నాను.
ఉంది. మా పెదనాన్న కూతురు.
అన్నం పక్కన పెట్టుకుని కరిగిపోయింది.
ఇంకా చెప్పలేదు.

అంచు కొరికి దాచి అడుగుతాడు,
అమ్మా, ఇది పరీక్ష రొట్టేనా, ఉత్త రొట్టేనా?
పరీక్ష రొట్టే, నాన్నా.
అయితే నువ్వూ తిను, నువ్వు పాసవ్వద్దా?
తిన్నాను.
వేడిగా, కరకరలాడుతూ, బాగుంది.
బాగుందన్న సంగతి నోటుబుక్కులో రాయలేదు.

రాత్రుళ్లు వాడి పొట్ట మీద
గడియారం తిరిగే వైపే అరచేయి తిప్పుతాను.
లోపల ఏదో గుడగుడమని నాతో వాదిస్తుంది.
ఇంకెన్ని రోజులంటాడు. వేళ్లు చూపిస్తాను.
నా వేళ్లు చాలక వాడివి అరువు తీసుకుంటాను.

పరీక్ష నాటి రాత్రి నుంచి ఏమీ పెట్టొద్దన్నారు.
ఆరు వారాల్లో మొదటిసారి
ఆకలి అంటే లేదని చెప్పాను. తేలిగ్గానే చెప్పాను.
నుగ్జార్ పొయ్యి దగ్గర్నుంచి తిన్నగా వచ్చాడు,
మోచేతుల దాకా కడుక్కున్నాడు గానీ
చెవి వెనక పిండి అలాగే ఉంది.
మాస్కు పెట్టి లెక్కపెట్టమంటే
ఎర్తి, అన్నాడు దాచి. ఓరి. సామి.
నాలుగు రాలేదు.

బయట బల్ల మీద మా పక్కన ఒక పెద్దాయన
సంచీలోంచి రొట్టె తీసి, విరిచి,
అడక్కుండానే సగం మా వైపు చాచాడు.
నుగ్జార్ అందుకున్నాడు.
తినలేదు. తిరగేసి అడుగు చూశాడు,
బొటనవేలితో నొక్కాడు.
పొయ్యి చాల్లేదు, అన్నాడు నాతో.
నాలుగు రోజుల తర్వాత అదే మొదటి మాట.