గడప బయట మూట

జుమేరాత్ బజార్‌లో
నూట యాభైకి బేరం తెగిన పట్టు పావడా మీద
ముందు నా కళ్ళు వాలవు, ముక్కు వాలుతుంది.
వాడిన కొత్తిమీర వాసన తగిలిందా
ఎంత జరీ ఉన్నా అక్కడే వదిలేసి లేస్తాను.
అమ్మేవాడు నవ్వుతాడు,
"ఖట్మల్ గిట్మల్ ఏం లేవమ్మా, కసమ్‌సే."
నమ్ముతాను.
నమ్మి, నల్ల కవర్లో కుక్కి
మూతి రెండు మెలికలు తిప్పి ముడేస్తాను.

అఫ్జల్‌గంజ్ నుంచి బోరబండ దాకా
మూటను ఒళ్ళో పెట్టుకోను.
కాళ్ళ దగ్గర
పోలీసులు పట్టుకొచ్చిన మనిషిలా కూర్చుంటుంది.

మూడో అంతస్తు మీద రేకుల గది నాది.
తనిఖీ కాకుండా ఏదీ గడప దాటదు.
ఒకసారి దాటింది.
ఎవరో వద్దనుకున్న దిండు, పువ్వుల గలీబు,
చెంప ఆనిస్తే చాలు నిద్రొచ్చేంత మెత్తన.
వారం తిరిగేసరికి
మోచేతి మీద దద్దుర్లు వరసగా,
చుక్కలు కలిపితే ముగ్గు పడేటట్టు.

ఓనరమ్మ సత్యవేణి గారు
మెట్ల మీదే నిలబడి మాట్లాడటం మొదలుపెట్టింది.
జాకెట్లు కుట్టించుకునేవాళ్ళు
"పండగ కానీయ్, చూద్దాం" అన్నారు.
ఏ పండగో చెప్పలేదు.
నల్లి నా దగ్గర తాగింది చెంచాడు నెత్తురు కూడా కాదు,
గిరాకీని మాత్రం ఆర్నెల్లు తాగింది.

మా అమ్మమ్మ నులకమంచాన్ని ఎండలోకి ఈడ్చి
కోళ్ళ సందుల్లో మసిలే నీళ్ళు పోసి
కర్ర విరిగేదాకా బాదేది.
నల్లి చేసిన తప్పుకు మంచానికి దెబ్బలు.
నాకు బాదేందుకు మంచం కూడా లేదు, చాపే.
కాబట్టి టార్చిలైటు కొన్నాను.

మే నెల డాబా.
ముందు తెల్ల దుప్పటి పరచాలి,
తెలుపు మీద దేనికీ దాక్కునే చోటుండదు.
పాత బస్ పాసు అంచుతో
కుట్టు వెంట గీస్తూ పోవాలి.
పెన్నుకొసతో పొడిచినట్టు నల్ల చుక్కలా,
తుప్పు మరకలా,
నువ్వుపొట్టులాంటి విడిచిన తోళ్ళా,
ఒక్కటి కనబడ్డా మూట మళ్ళీ ముడిపడుతుంది.

నూలు గుడ్డలైతే కష్టం లేదు.
కింద కుల్సుం ఆపా డేగ్సాలో మసలబెడుతుంది.
"గల్లీల అందరు బిర్యానీయా అని అడుగుతున్నరు,
పాత లుంగీల దమ్ అని చెప్పిన" అంటుంది.
పట్టు అలా కాదు. మసిలితే అది పట్టు కాదు.
దానికి తడిగుడ్డ, ఇస్త్రీ పెట్టె,
కుట్టు విప్పే ఓపిక కావాలి.

అందుకే పావడా కింది అంచు పట్టుకున్నాను.
చుక్కలు లేవు, తోళ్ళు లేవు.
వెలిసిన వంకాయ రంగు మధ్య
అడ్డంగా రెండు ముదురు పట్టీలు,
ఎండ ఆలస్యంగా చూసిన గుడ్డ.
పిల్ల ఎదిగినప్పుడల్లా ఒక మడత వదిలారు.
మొదటి మడత కుట్టిన చెయ్యి నెమ్మదిగలది,
ఆవగింజంత టాకాలు.
రెండోది ఎవరో తొందరలో, తెల్లదారంతో.
మూడో మడత అలాగే ఉంది.
ఎవరూ విప్పలేదు.

పొట్టిగానే ఆగిపోయిందేమో ఆ పిల్ల.
పావడా వద్దని జీన్స్ కోసం అలిగిందేమో.
ఇస్త్రీ పెట్టె వేడెక్కేదాకా
ఈ రెండే అనుకున్నాను,
ఇంకేదీ అనుకోలేదు.

విప్పకుండా వదిలేద్దామనిపించింది.
కానీ నల్లి గుడ్డుకు జాలి తెలియదు,
మడతలోనే ఉంటుంది.
బ్లేడు కొసతో ఒక్కొక్క టాకా తెంపాను.
రెండు వేళ్ళ వెడల్పున
ఎవరూ కట్టని ఊదారంగు,
నిన్న మగ్గం దిగినట్టు,
డాబా ఎండలో తెరుచుకుంది.

కింది నుంచి ఆపా కేకేసింది,
"దొరికినయా?"

"ఒకటి దొరికింది" అన్నాను.

పైకి వస్తున్నదల్లా
రెండు మెట్లు వెనక్కి దిగింది.