మైనం పళ్ళెం

ఇరవై రెండేళ్ళు
కళింగపట్నం నుంచి శ్రీకాకుళం కాలేజీకి
బస్సులో వెనకసీటు కింద ఐసు గంపలో
పాలసొరలు మోశాను.
జువాలజీ ల్యాబ్ అటెండర్ని నేను.
కండక్టరు జోగినాయుడు ముక్కు మూసుకునేవాడు గానీ
సొరలకి ఏనాడూ టిక్కెట్టు కొట్టలేదు.

మైనం పళ్ళెంలో వాటిని వెల్లకిలా పడుకోబెట్టి
రెక్కలకి గుండుసూదులు గుచ్చి పెడితే
మేడమ్‌గారు ముందు వాటి జోలికి పోయేవారు కాదు.
నల్లబల్ల మీద అడ్డంగా ఒక సుద్దగీత గీసేవారు.
"ముందు ఇది.
తల లేదు. దవడ లేదు. ఎముక ఇంకా పుట్టలేదు.
ఇసకలో సగం దూరి, నోరు పైకి పెట్టుకున్న
వేలెడంత ప్రాణి. దాని వీపులో మెత్తటి కర్ర ఒకటి.
గీతకి పైన నరం, కింద పేగు, వెనక తోక.
మిగతావన్నీ తర్వాత వచ్చిన చుట్టాలు."

తలుపు దగ్గర నిలబడి వినేవాణ్ణి.
విన్నదాంట్లో సగం, గంపలో ఐసులాగే,
ఇల్లు చేరేలోపు కరిగిపోయేది.
మిగిలింది చెప్తాను:
ఎక్కడో, ఏ సముద్రంలోనో, ఒళ్ళు కొలిచే తాడు
రెండు మడతలు పడింది. తర్వాత మరోసారి.
పాత ముడులు పాత పని చేసుకుంటుంటే
ఖాళీగా ఉన్న ముడులు ఊరుకోలేదు,
కన్ను కట్టాయి, పుర్రె కట్టాయి.
"కట్టి ఉంటాయి" అనేవారు మేడమ్.
"కట్టాయి" అని నేనంటున్నాను.

ఆవిడ రిటైరయ్యారు.
కోత ఆపమని కాగితం వచ్చింది.
ఇప్పుడు పిల్లలు కంప్యూటర్‌లో సొరని కోస్తారు;
నెత్తురు రాదు, చెయ్యి కడుక్కోనక్కర్లేదు.
పళ్ళేలు బీరువా అడుగున. మైనంలో సూది బొక్కలు
అలాగే ఉన్నాయి, ముగ్గు చుక్కల్లా.
కలిపితే ఇంకా చేపే వస్తుంది.

లోపింటి హేమసుందరి, సెకండియర్, అడిగింది:
"దవడ ఎక్కణ్ణించొచ్చింది అన్నా?
తెర మీద నొక్కితే ఊరికే ఊడొచ్చేస్తోంది."
నేను చెప్పేవాణ్ణా?
ఆదివారం తొమ్మిదిమందిని బస్సెక్కించాను.

మా మేనత్త రాజులమ్మ రేవులో కత్తిపీట ముందు కూచునుంది.
చదువు లేదు. నలభయ్యేళ్ళ కోత ఉంది.
"ఇది రొయ్య. దీని పేగు ఈపు మీదున్నాది, నల్లగ, సూడండి.
ఇది సేప. దీని పేగు పొట్టలోనున్నాది.
ఒకుడు బోర్లా, ఇంకొకుడు ఎల్లకిలా.
ముందెవుడు తిరగబడ్డాడో నానైతే సూడనేదు."

హేమసుందరి నోట్సు మూసేసింది.
అత్త మొప్పల మూత ఎత్తి, వేలు దూర్చి
ఎర్రటి వంపులు లాగింది,
ఒకటి, రెండు, మూడు, నాలుగు.
అప్పుడు చెప్పాను, మేడమ్ గొంతుతోనే:
ఇలాంటి వంపొకటి, అన్నిటికన్నా ముందున్నది,
ఊపిరి పని వదిలి ముందుకు వంగి
నడిమికి మడతపడి కీలయి ఉంటుంది.
నీళ్ళు గాలించి తినే నోరు
ఆ రోజు కరవడం నేర్చుకుని ఉంటుంది.

"మరేటి," అంది అత్త పొలుసులు విదిలిస్తూ,
"ఆకలికి ఏదైనా వంగుతాది."

తిరుగుబస్సులో, అత్త ఇచ్చిన తలకాయలు పేపరు పొట్లంలో.
జోగినాయుడి కొడుకు ఇప్పుడు కండక్టరు.
వాడూ ముక్కు మూసుకున్నాడు.
గార దగ్గర గతుక్కి నా నడుం కలుక్కుమంది.
పోయిన నెల డాక్టరు స్కానింగు వెలుగులో పెట్టి చూపించాడు,
రెండు పూసల మధ్య జిగురు జారిందట.
ఆ మెత్తటి కర్ర చుట్టూ వెన్నుపూసలు పేరుకున్నాక
మిగిలిన తునకలు ఆ జిగురులోనే దాక్కుంటాయని
మేడమ్ ఒకసారి అన్నారు.
డాక్టరుకి చెప్పలేదు.
బరువులెత్తొద్దన్నాడు, సరేనన్నాను.

కిటికీ పక్కన హేమసుందరి
దవడ కింద వేలు పెట్టుకుని
నోరు తెరుస్తోంది, మూస్తోంది,
తెరుస్తోంది.