నమోదు సంఖ్య

పదకొండో గడిలో అడిగారు:
పర్యవేక్షణ కింద పనిచేసిన గంటలు,
అంకెల్లోనూ అక్షరాల్లోనూ.

పర్లాకిమిడి జిల్లా ఆఫీసు మెట్ల మీద
ఒళ్ళో అట్ట పెట్టుకుని లెక్కేస్తున్నాను.
గుమ్మా ఘాటీలో మన్ను జారి బస్సు ఆగిపోయిన పూట
గంటల్లోకి వస్తుందా?
ఆసుపత్రి వరండాలో ఒక పిల్ల పక్కన
పొద్దుగూకే దాకా కూర్చున్నాను.
ఒక్క మాటే అంది, అంబలిలో ఉప్పు లేదని.
ఇది ఎన్ని గంటలు?

డిగ్రీ శ్రీకాకుళంలో చదివాను.
పాతపట్నం దాటి ఇటు రాగానే అది పరాయిదైపోయింది,
సమానమేనని ఇంకో కాయితం కావాలన్నారు.
ఒడియా పరీక్ష కూడా రాశాను, నలభై రెండేళ్ళ వయసులో,
ఏడో తరగతి పిల్లల ప్రశ్న:
వానాకాలం మీద పది వాక్యాలు.
నాలుగో వాక్యంలో కొండ జారింది,
ఆపలేక పద్నాలుగు రాశాను.

మార్తా గమాంగో ఎనిమిదిలో బడి మానేసింది.
తొమ్మిదేళ్ళు కొండదారుల్లో
నాకు రెండడుగులు ముందు నడిచింది.
నేను ఒడియాలో అడిగింది సవర భాషలోకి తిప్పేముందు
గడప దగ్గర చతికిలబడి, మేక ఈనిందా అని అడిగేది,
తర్వాత జీలుగు చెట్టు, తర్వాత మొగుడి దగ్గు,
అప్పుడు, ఎప్పటికో, బిడ్డ సంగతి.
రిపోర్టులో నేను రాసేదాన్ని:
‘వాంగ్మూలం నమోదు చేయబడింది.’
ఆ ‘చేయబడింది’లోనే ఉండేది మార్తా.

ఈ రూలు కావాలన్నది నేనే.
దాచడం దేనికి.
మెడలో కార్డు వేలాడేసుకుని ఒకాయన వచ్చేవాడు,
ఈ పనికి ఏ చదువూ లేదు, ఎవరి మేనల్లుడో.
అరగంటలో ఇల్లు చూసి, టీ తాగి, ‘అంతా సవ్యం’ అని రాసి
కుర్రాణ్ణి బాబాయి చేతికి అప్పగించాడు.
మరుసటి వానలకి వాడు రొయ్యల చెరువు గట్టున దొరికాడు,
కుడిచేతికి రెండు వేళ్ళు తక్కువ.
ఆ నెల మీటింగులో లేచి అన్నాను:
లారీ తోలడానికి లైసెన్సు కావాలి,
ఇంట్లోంచి బిడ్డను తీసేవాడికి అక్కర్లేదా?
అందరూ తలలూపారు. సమోసాలు వచ్చాయి.

జల్లెడ అడిగాను, ఇచ్చారు.
దానికి గింజా పొట్టూ తెలీదు,
కన్నం కొలత తెలుసు.

పన్నెండో గడి: పర్యవేక్షకుల సంతకం,
నమోదు సంఖ్యతో సహా.
నాకు పని నేర్పినావిడకి సంఖ్య లేదు.
వేరే ఆయన చేత పెట్టించాను,
కొండెక్కని ఆయన. మంచాయనే. మంచి పెన్ను.

నంబరు వచ్చింది, ఆరంకెలు.
మార్తాకి ఆ నెల నుంచి జీతం ఆగింది.
తడి చెయ్యి చీరకి తుడుచుకుని
ప్లాస్టిక్ అట్ట మీద వేలు పెట్టి చూసింది:
“బాగుందమ్మా. ఇందల నీ మొకం తెల్లగ పడ్డాది.”

నిన్న సెరంగో వైపు నుంచి కబురు.
ఏడేళ్ళ పిల్ల, ఎవరితోనూ మాట్లాడ్డం లేదు.
మార్తాకి ఫోన్ చేశాను.
బస్సు ఛార్జీ నేను పెట్టుకుంటానన్నాను.
అటునుంచి చాలాసేపు మాట లేదు.
వెనకాల ఎక్కడో మేక అరుస్తోంది.

ఈనిందా, అని అడిగాను.